మూత లేని సంచి

మూడేళ్ళ కిందట, బెంగళూరు మారతహళ్ళిలో కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో, తెల్లవారుజామున నాలుగున్నరకి నొప్పితో మెలకువ వచ్చింది. డేట్ వచ్చిన మొదటి రోజు. పొత్తికడుపులో మెలిపెడుతోంది, నడుం పట్టేసింది, తొడలు లాగేస్తున్నాయి. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కాచి, రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్ తీసి మూత తిప్పబోతే అది తిరగలేదు. నాకు లూపస్, అంటే రోగనిరోధక శక్తి మన ఒంటి మీదికే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బు. పొద్దున పూట వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, కొన్ని రోజులు బ్రష్ మీద పేస్టు నొక్కడానికి కూడా రెండు చేతులూ కావాలి. చున్నీ చుట్టి తిప్పాను, మోకాళ్ళ మధ్య ఇరికించి తిప్పాను. రాలేదు. పక్కన నీళ్ళు మరుగుతుంటే గట్టు మీద తల ఆనించి ఏడ్చేశాను.

అప్పటికి జబ్బు బయటపడి ఏడాది. యూరిన్‌లో ప్రోటీన్ పోతోంది, కిడ్నీల మీద ప్రభావం ఉంది, నొప్పి మాత్రలు ముట్టుకోవద్దని రుమటాలజిస్ట్ (ఇలాంటి జబ్బులు చూసే డాక్టరు) గట్టిగా చెప్పారు. ఎందుకో తర్వాత చదివి తెలుసుకున్నాను. నెలసరి మొదలయ్యేటప్పుడు గర్భాశయం లోపలి పొర ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల్ని వదులుతుంది, అవి గర్భాశయ కండరాన్ని బిగించి రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి, ఆ బిగుతే మన నొప్పి. అయితే కిడ్నీలకు రక్తం సరిగ్గా అందేలా చూసేవి కూడా ఆ కుటుంబంలోవే. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటి మాత్రలు అక్కడా ఇక్కడా వాటి తయారీని ఆపేస్తాయి. ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి అది పెద్ద ప్రమాదం. పైగా స్టెరాయిడ్ వాడుతుంటే కడుపులో పుండ్లు, రక్తస్రావం భయం కూడా. (ఈ జబ్బులున్న అందరికీ ఇవి పూర్తిగా నిషేధం కాదు, కిడ్నీలు బాగుండి డాక్టరు సరేనన్న వాళ్ళు వాడుతున్నారు. మీ సంగతి మీ డాక్టరునే అడగండి.) పారాసెటమాల్ వేసుకోమన్నారు కానీ మొదటి రోజు నొప్పికి అది నాకు ఏ మూలకీ రాదు.

నన్ను బాధపెట్టింది మాత్రలు వద్దనడం కాదు, వద్దన్న తర్వాత మరేం చేయాలో ఎవరూ చెప్పకపోవడం. లూపస్ వచ్చేవాళ్ళలో పది మందికి తొమ్మిది మంది ఆడవాళ్ళు. అయినా ఒక్క అపాయింట్‌మెంట్‌లో కూడా నెలసరి ఎలా ఉంటోందని నన్ను అడగలేదు. గైనకాలజిస్ట్ దగ్గరికి వెళితే, అది వేరే ఆసుపత్రి, నా ఫైలు తెరవకుండానే మెఫెనమిక్ యాసిడ్ రాసిచ్చారు. ఇంటికొచ్చి స్ట్రిప్ వెనక పేరు చదివాను కాబట్టి సరిపోయింది. చదవడం రాని మనిషైతే?

ఆ పొద్దున అనంతపురంలో అమ్మకి ఫోన్ చేస్తే, "రాళ్ళుప్పు వేయించి గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టుకోమ్మా" అంది. మంచి మాటే, కానీ ముడి వెయ్యడానికి వేళ్ళు సహకరించాలి కదా. అది చెప్పేసరికి అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. వారం తిరక్కుండా తన పాత నూలు చీర చించి, జానెడు పొడవు సంచుల్లో బియ్యం పోసి నాలుగు వైపులా కుట్టేసి నాలుగు పంపించింది. మూత లేదు, ముడి లేదు. మైక్రోవేవ్‌లో ఒకటిన్నర నిమిషం, మధ్యలో ఒకసారి తిప్పి వెయ్యడం, పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టడం, అంతే. బియ్యపు సంచి పొత్తికడుపు వంపుకు సరిగ్గా ఒదుగుతుంది, వెచ్చటి గంజి వాసన వస్తుంది. అరగంట వెచ్చగానే ఉంటుంది.

కాపడం అంటే ఏ మందూ లేనప్పుడు చేసుకునేదని చాలామంది చిన్నచూపు చూస్తారు, అది సరికాదు. 2001లో అచ్చయిన ఒక అమెరికన్ పరీక్షలో 38.9 డిగ్రీల వేడి ఉండే పట్టీని రోజుకి సుమారు 12 గంటలు పొత్తికడుపు మీద ఉంచుకున్నవాళ్ళకి, ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళకి ఇంచుమించు ఒకే స్థాయిలో ఉపశమనం కలిగింది. వాళ్ళు మనలాంటి జబ్బులున్నవాళ్ళు కారు, ఆ తేడా గుర్తుంచుకోవాలి. కానీ ఆ అంకె చూడండి, ముప్పై తొమ్మిది డిగ్రీలైనా లేదు. కాలిపోయేంత వేడి అక్కర్లేదు, గోరువెచ్చగా ఎక్కువసేపు ఉండాలి. నేను ఇది తెలియక ఛార్జింగ్ పెట్టే జెల్ బ్యాగ్‌ని ఒంటికి నేరుగా ఆనించుకుని నిద్రపోయేదాన్ని, కొన్ని నెలలకి పొట్ట మీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు పడ్డాయి. స్టెరాయిడ్ వాడేవాళ్ళ చర్మం పల్చబడి ఉంటుంది, త్వరగా కాలుతుంది. మధ్యలో గుడ్డ ఉండాలి, పెట్టుకుని నిద్రపోకూడదు. వేళ్ళకి స్పర్శ తక్కువగా ఉంటే వేడిని మోచేతితో చూసుకోండి.

ఆఫీసు రోజుల్లో టెన్స్ మిషన్ నన్ను కాపాడింది. సెల్‌ఫోన్ కంటే చిన్నది, రెండు మెత్తని ప్యాడ్లు నడుం కింద అంటించుకుంటే చీమలు పాకినట్టు సన్నటి కరెంటు తగులుతుంది. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే నొప్పి తగ్గినట్టు ఉంటుంది కదా, అదే సూత్రం. స్పర్శ కబుర్లు వెన్నుపాము దగ్గర నొప్పి కబుర్లకి అడ్డుపడతాయని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. నెలసరి నొప్పికి ఎక్కువ ఫ్రీక్వెన్సీ, అంటే 50 హెర్ట్జ్ (సెకనుకి 50 సార్లు) పైన, పనిచేస్తుంది. దద్దుర్లున్న చర్మం మీద అంటించకూడదు. పేస్‌మేకర్ ఉన్నా, కడుపుతో ఉన్నా వాడకూడదు. మొదటిసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోండి, పది నిమిషాల పని.

నడక గురించి ఒక మాట. 2019లో కాక్రేన్ అనే సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలో వారానికి కనీసం మూడుసార్లు, ప్రతిసారీ 45 నుంచి 60 నిమిషాలు వ్యాయామం చేస్తే నెలసరి నొప్పి బాగా తగ్గవచ్చని తేలింది. మనకి అలసట ఉంటుంది కాబట్టి నేను దాన్ని పదిహేను నిమిషాల ముక్కలు చేసుకున్నాను, ఫ్లేర్ వచ్చినప్పుడు, అంటే జబ్బు ఒక్కసారిగా ఎక్కువైనప్పుడు, పూర్తిగా మానేస్తాను. బెంగళూరు చల్లగా ఉంటుంది కదా అని ఎండని తేలిగ్గా తీసుకోకండి, సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం, గాలి చల్లగా ఉన్నా అతినీలలోహిత కిరణాలు గట్టిగానే తగులుతాయి. లూపస్ ఉన్నవాళ్ళకి అవే శత్రువు. ఏడు లోపల కబ్బన్ పార్కు చెట్ల కింద, లేదంటే అపార్ట్‌మెంట్ కారిడార్‌లో నడుస్తాను.

చుట్టాలు చెప్పేవాటిలో శొంఠి నీళ్ళు నేనూ తాగుతాను, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు మాత్రం డాక్టరుని అడిగి తాగాలి. తిప్పతీగ, అశ్వగంధ మాత్రం దయచేసి వద్దు. ఇవి రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టవచ్చు, మన జబ్బే ఆ శక్తి మన మీదికి తిరగబడటం. తిప్పతీగ వాడినవాళ్ళలో ఆటోఇమ్యూన్ తరహాలో లివర్ దెబ్బతిన్న కేసుల్ని 2021లో ముంబై డాక్టర్లు బయటపెట్టారు. ఎంతో ప్రేమగా పార్సిల్ పంపిన మా పిన్నికి ఇది వివరించడానికి గంట పట్టింది, చివరికి అర్థం చేసుకుంది.

ఇవన్నీ నొప్పి వచ్చాక కాకుండా ముందు రోజు సాయంత్రం నుంచే మొదలుపెడితే నాకు సగానికి సగం తేడా ఉంటోంది. డేట్‌కి రెండు రోజుల ముందు వేళ్ళ వాపు పెరుగుతుందని డైరీ రాస్తే తెలిసింది, అదే నాకు గుర్తు. 2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం నెలకొకటి చొప్పున ఏడాదికి 12 రోజుల వేతనంతో కూడిన నెలసరి సెలవు ఆమోదించింది, మీ ఆఫీసులో అడగండి, మొహమాటపడకండి. నొప్పి తీరు హఠాత్తుగా మారినా, నెలసరి లేని రోజుల్లో కూడా ఉన్నా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా కాపడాలతో ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరగడం) కావచ్చు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండవచ్చు.

మొన్నటి అపాయింట్‌మెంట్‌కి ఆ డైరీ తీసుకెళ్ళి, రిపోర్టులకంటే ముందు టేబుల్ మీద పెట్టాను. డాక్టరు మూడు నెలల పేజీలూ తిప్పి, "ఇది ఎప్పట్నుంచి?" అన్నారు. నాలుగేళ్ళ నుంచి సార్ అన్నాను. ఆయన పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టారు.