కేజ్ తలుపు మూసేలోపు ఇంట్లో చేయాల్సిన పని: ఒక అమ్మ అనుభవం

మా అమ్మాయి ఎంఎంఏ ఫైటర్, అంటే గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. తనది స్ట్రావెయిట్, తూకంలో 52.2 కిలోలు దాటకూడని విభాగం. 2024 జూన్ 8న అమెరికాలోని లూయీవిల్‌లో పూజా తోమర్ గెలిచింది ఈ బరువులోనే. ఈ ఆటలో పేరున్న అమెరికా సంస్థ యూఎఫ్‌సీలో ఫైట్ గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ వార్త పేపర్లలో వచ్చాక "ఆడపిల్లకి ఈ కొట్లాటేంటి" అన్న నోళ్లే "మీ పిల్ల టీవీలో ఎప్పుడొస్తుంది" అంటున్నాయి. వస్తే సంతోషమే. అయితే అమెచ్యూర్ నుంచి ప్రొఫెషనల్‌దాకా ఒక్కో ఫైట్‌కీ ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని చాలా ఉంది, అందులో ఎక్కువ భాగం ఫైల్ చుట్టూ, తూకం చుట్టూ, వంటింటి చుట్టూ తిరుగుతుంది.

ముందు ఫైల్, అంటే వైద్య పరీక్షల కాగితాలు. బౌట్ (ఫైట్) ఒప్పుకున్న రోజే మొదలుపెట్టాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ రక్తపరీక్షలు, ఈసీజీ, కంటిపాప పెద్దదిచేసి చూసే రెటీనా పరీక్ష, అమ్మాయిలకు ప్రెగ్నెన్సీ టెస్ట్ మామూలుగా అడుగుతారు. రిపోర్టు ఎన్ని రోజుల్లోపుదై ఉండాలో నిర్వాహకుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ల్యాబ్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు హెపటైటిస్ బీ దగ్గరే. కావాల్సింది హెచ్‌బీఎస్ఏజీ, అంటే వైరస్ ఉందా లేదా చూసేది. దాని బదులు యాంటీ హెచ్‌బీఎస్ చేస్తే, టీకా వేసుకున్న పిల్లకి పాజిటివ్ అని వస్తుంది. అది రక్షణ ఉందన్న గుర్తే, కానీ తూకం రోజు ఆ కాగితం చూసినవాళ్లకి అదంతా వివరించి ఒప్పించడం నరకం. టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. డోసు వేసిన మూడు వారాల్లోపు హెచ్‌బీఎస్ఏజీ చేయించొద్దు, టీకా వల్లే కొన్నాళ్లు పాజిటివ్ చూపొచ్చు.

రెండో చిక్కు మన ఇంటిపేర్లతో. ఆధార్‌లో ముందు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ల్యాబ్‌వాళ్లు రాసుకున్నది వట్టి పిలుపు పేరు. పేర్లు మూడు రకాలుగా ఉంటే రిపోర్టు చెల్లదనే హక్కు వాళ్లకుంది. బిల్లు వేసేటప్పుడే పాస్‌పోర్టు చూపించి అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. కళ్లలో చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, కాబట్టి కంటి పరీక్ష విశ్రాంతి రోజున పెట్టుకుంటే సాధన చెడదు.

ఇన్సూరెన్స్ మాట కూడా ఇప్పుడే తేల్చుకోండి. మన హెల్త్ పాలసీల్లో ప్రమాదకర క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొని దెబ్బతింటే వర్తించదనే మినహాయింపు ఉంటుంది. అమెచ్యూర్‌గా ఉన్నన్నాళ్లు వాదించుకునే చోటుంది, పారితోషికం తీసుకున్నాక అదీ ఉండదు. ఆ రాత్రి ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఎంతవరకు అన్నది కాంట్రాక్టులో లేకపోతే సంతకం పెట్టనివ్వకండి.

ఇక తూకం. నాకు తెలిసి తల్లిదండ్రులు ఎక్కువగా తప్పుచేసేది ఇక్కడే, ఎందుకంటే బరువు తగ్గించడం అనగానే మనకి ఉపవాసమే గుర్తొస్తుంది. 2015 డిసెంబరులో మనీలాలో యాంగ్ జియాన్‌బింగ్ అనే 21 ఏళ్ల చైనా ఫైటర్ వెయిట్ కట్‌లో, అంటే తూకానికి ముందు ఒంట్లో నీళ్లు తీసి బరువు దింపే పనిలో, నీళ్లు పోయి చనిపోయాడు. ఆ తర్వాతే ఆ పోటీ పెట్టిన వన్ ఛాంపియన్‌షిప్ సంస్థ మూత్రం చిక్కదనం చూసే పరీక్ష పెట్టింది. అమెచ్యూర్ టోర్నమెంట్లలో తూకం ఫైట్ రోజు ఉదయమే ఉంటుంది, తేరుకోవడానికి గంటలే. అందుకని అమెచ్యూర్‌లో నీళ్లు తీసే పని అసలు పెట్టుకోకూడదు, పిల్ల రోజూ ఉండే బరువుకి దగ్గరి క్లాసులోనే (బరువు విభాగంలోనే) ఆడాలి.

ప్రొఫెషనల్‌లో తూకం సాధారణంగా ముందురోజు. మా లెక్క ఇలా: ఎనిమిది వారాల ముందు 58 కిలోలు, వారానికి 300-350 గ్రాముల చొప్పున తగ్గుతూ చివరి సోమవారం పొద్దున 55.4. టైటిల్ ఫైట్ కాకపోతే చాలాచోట్ల ఒక పౌండు సడలింపు ఇస్తారు, అంటే 52.6 వరకు. శుక్రవారం తూకానికి 2.8 కిలోలు దిగాలి. శరీర బరువులో అది అయిదు శాతం. చివరి వారంలో ఇంతకన్నా ఎక్కువ దింపాలంటే క్లాసే తప్పు.

ఆ అయిదు రోజులు వంటింటిదే బాధ్యత. పీచు తగ్గిస్తే పేగుల్లో నిల్వ తగ్గుతుంది, దాంతోనే అరకిలో, ఒక్కోసారి ఇంకాస్త పోతుంది. కాబట్టి ఎప్పుడూ ఆరోగ్యం అనుకునే ఆకుకూరలు, పప్పు, రాగిజావ, దంపుడు బియ్యం ఈ వారం పక్కకి. గుడ్లు, చర్మం తీసిన కోడి, చేప, పెరుగు, గుప్పెడు తెల్లన్నం చాలు. అన్నం తగ్గించడంలో వేరే లెక్కుంది: కండరాల్లో దాచుకున్న ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖాళీ అయితే నీరూ దిగుతుంది. ఉప్పు కూరలో తగ్గించి, పళ్లెంలో ఆవకాయ, అప్పడం, కారప్పొడి పెడితే ఏం లాభం? వాటిలోనే ఉంది ఉప్పంతా. మంచినీళ్లు మాత్రం గురువారం మధ్యాహ్నందాకా మామూలుగానే. అప్పట్నుంచి గుటకలే. నిద్రలో అరకిలో దానంతటదే పోతుంది. ఇంకా మిగిలితే వేడినీళ్ల టబ్బు, పది నిమిషాలే, పక్కన కోచ్ ఉండాలి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా బయటికి. ఫైట్ పోతే పోయింది.

నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి కిలో, కిలోన్నర ఎక్కువ చూపించడం మామూలే. మూడు నెలలపాటు పొద్దున్నే బరువు, తేదీ రాసుకుంటే, బౌట్ తేదీ అడిగినప్పుడు ఏది ఒప్పుకోవాలో ఏది వద్దనాలో తెలుస్తుంది. మగ కోచ్‌కి ఇది తట్టదు, మనమే చెప్పాలి. ఇంటి తూకం మిషన్ హోటల్‌కి తీసుకెళ్లి, ముందుగా అధికారిక తూకంతో పోల్చుకోండి. తివాచీ మీద పెడితే తప్పు చూపిస్తుంది, గచ్చు మీదే పెట్టాలి.

తూకం దిగగానే మన ఊళ్లలో ఎవరో ఒకరు "ఒక సెలైన్ పెట్టించండి, లేచి కూర్చుంటుంది" అంటారు. డోపింగ్ నిబంధనల ప్రకారం ఆసుపత్రి చికిత్సలో భాగంగా తప్ప 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి నరంలోకి ఎక్కించకూడదు. బాటిల్ 500. నీరు దించే మాత్రలూ నిషిద్ధమే. నోటితోనే తాగించాలి: రెండు కిలోల నీరు పోతే మూడు లీటర్లు, ఇరవై నిమిషాలకో గ్లాసు, ముందు ఓఆర్ఎస్. లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉన్న డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా పొడే కొనండి. పేరులో ఓఆర్ఎస్ తగిలించుకున్న తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆ పేరు వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. తర్వాత మెత్తటి పెరుగన్నం, అరటిపండు. ఆవకాయకి ఇప్పుడు అడ్డులేదు.

చిన్న విషయాలకీ ఫైట్ ఆగిపోతుంది. ఒంటిమీద తామర కనిపిస్తే డాక్టర్ పక్కనపెట్టేస్తారు. మందుల షాపువాళ్లిచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే నాలుగు రోజులు ఎరుపు తగ్గి, తర్వాత రెట్టింపు పాకుతుంది. చర్మ డాక్టర్‌కే చూపించాలి, అదీ నెల ముందు. ముక్కుపుడక, చెవిపోగులు, తాయెత్తు, మొలతాడు ఏవీ ఉండకూడదు. తలకి నూనె రాసి పంపొద్దు, జారుతుంది. జడలు తలకి అంటేలా బిగించి అల్లి, రబ్బరుబ్యాండ్లతోనే కట్టాలి, పిన్నులు పనికిరావు. వేడినీళ్లలో ముంచి కొరికే మౌత్‌గార్డ్‌ని చెప్పిన సెకన్లకన్నా ఎక్కువ ఉంచితే ముడుచుకుపోతుంది, రెండోది కొనుక్కోవాల్సిందే.

ఫైట్ జరిగేటప్పుడు మనం నోరు మూసుకోవాలి. ఇది నాకు అన్నిటికన్నా కష్టం. పిల్లకి వినపడాల్సింది కార్నర్ గొంతు, అంటే కేజ్ పక్కన ఉండే కోచ్ గొంతు ఒక్కటే. చోక్‌లో, అంటే మెడ బిగించే పట్టులో, మెడ రక్తనాళాలు నొక్కుకుంటే పది సెకన్లలోపే స్పృహ తప్పొచ్చు, వదలగానే మామూలుగా కొన్ని సెకన్లలో తెలివొస్తుంది. ఇది తెలియకపోతే అమ్మ గుండె ఆగుతుంది. తలకి దెబ్బ తగిలి ఆగిన ఫైట్ వేరు. డాక్టర్ 30 రోజులు, 60 రోజులు ఫైట్ వద్దని రాసిస్తే ఆ రోజుల్లో స్పారింగ్ (సాధనలో జోడీతో కొట్లాట) కూడా లేదు. రెండు వారాలకే "బాగానే ఉన్నానమ్మా" అంటుంది. ఆ చీటీ ఫ్రిజ్ మీద ఉంటుంది మా ఇంట్లో. ఆ రాత్రి తలనొప్పికి ఆస్పిరిన్, బ్రూఫెన్ వద్దు, లోపల రక్తస్రావం ఉంటే పెంచుతాయి. వాంతులైనా, మాట తడబడినా, నిద్రలేపితే లేవకపోయినా నేరుగా ఆసుపత్రికే. చెవి ఉబ్బితే మర్నాడే ఈఎన్‌టీ దగ్గర రక్తం తీయించి కట్టు కట్టించాలి, ఆలస్యమైతే గడ్డకట్టి అలాగే ఉండిపోతుంది.

వీడియో వచ్చాక బంధువులకి పంపుతాను, నిమిషంతో సహా. లేకపోతే వాళ్లకి కనుబొమ్మ మీది రక్తం తప్ప ఇంకేం కనపడదు. "రెండో రౌండులో 1:40 దగ్గర చూడు వదినా, కిందపడ్డాక వెల్లకిలా ఉండిపోలేదు. పక్కకి తిరిగి, మోచేతి మీద లేచి, తుంటి వెనక్కి లాక్కుని నిలబడింది. ఆ ఒక్క కదలికకి ఎనిమిది నెలలు పట్టింది."