తొమ్మిది బలాల మొక్క

నిన్న రాత్రి నిద్ర పట్టక ‘అబెసెడా’ పేజీలు ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాను. 1926లో ప్రాగ్‌లో అచ్చయిన చెక్ పుస్తకం, పేరుకి అర్థం అక్షరమాల. ఒక్కో అక్షరానికి చెక్ కవి నెజ్వల్ రాసిన చిన్న కవిత, పక్కనే ఆ అక్షరం ఆకారంలో ఒళ్లు వంచిన నర్తకి మిల్చా మయెరోవా ఫొటో. పేజీలు కూర్చింది డిజైనర్ కారెల్ తైగె.

ఈ కవుల, కళాకారుల సంఘం ‘దెవ్యెత్సిల్’, 1920లో పుట్టింది. అదొక మొక్క పేరు, విడదీస్తే తొమ్మిది బలాలు. (సంఘానికి ఇంతకంటే మంచి పేరు దొరుకుతుందా!) మొదటి ప్రపంచయుద్ధం ముగిసి రెండేళ్లే అయినా ఏడుస్తూ కూర్చోలేదు. సర్కస్‌లో, సినిమాలో, పోస్ట్‌కార్డుల్లో కూడా కవిత్వం చూశారు. 1984లో సాహిత్య నోబెల్ అందుకున్న చెక్ కవి సైఫెర్ట్ కుర్రాడిగా ఇక్కడివాడే.

నేనూ అద్దం ముందు ‘కె’ అక్షరంలా నిలబడి చూశాను. నడుం పట్టేసింది. పొద్దున్నుంచీ జండూబామ్ వాసనే.