నా పాటను అర్పించడం నేర్చుకున్న విధం

సంఘ ఆరాధన కోసం ఒక పాట రాయాలని నిశ్చయించుకున్నప్పుడు, అది దేవునికి అర్పణ కావాలన్న కోరిక నాలో నిజంగానే ఉంది గాని, అర్పించడమంటే పని ముగిశాక ప్రార్థన చేసి అప్పగించడమేనని అనుకునేవాడిని. ఆ పాటతో గడిపిన నాలుగు నెలలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి.

ఆధారంగా 130వ కీర్తనను తీసుకున్నాను. ఎనిమిదే వచనాలున్న ఈ యాత్రకీర్తన అగాధంలోనుండి పెట్టే మొరతో మొదలై, కావలివారు ఉదయం కోసం కనిపెట్టడం కంటే ఎక్కువగా ప్రభువు కోసం కనిపెట్టే ప్రాణాన్ని మన ముందుంచి, కావలివారి మాటను వెంటనే మరోసారి పలుకుతుంది. ఆ పునరుక్తినే పల్లవిగా మలచాలనుకున్నాను. అయితే రాయడానికి కూర్చున్న ప్రతిసారీ వినేవాళ్లు ఏమంటారోనన్న ఆలోచనే ముందుగా వచ్చేది. సంగీతకర్త బాఖ్ తన ఆరాధన సంగీతపు రాతప్రతులలో అనేకం మొదట యేసు సహాయాన్ని కోరే పొడి అక్షరాలు, చివర దేవునికే మహిమ అని చెప్పే పొడి అక్షరాలు రాసేవాడు. ఆ పద్ధతిని అనుసరించి నేనూ కాగితం పైభాగాన ఒక్క వాక్యం ప్రార్థన రాసుకున్నాకే కలం కదపసాగాను.

నిర్గమకాండం 31వ అధ్యాయంలో కనిపించే, ప్రత్యక్ష గుడారపు పనివాడైన బెసలేలు నాకు మరింత మేలు చేశాడు. దేవుని ఆత్మ అతణ్ణి నింపింది ప్రవచనం చెప్పడానికో యుద్ధం చేయడానికో కాదు. బంగారు, వెండి, ఇత్తడి పనులు చేయడానికి, రత్నాలు సానబట్టడానికి, కర్ర చెక్కడానికి. అలాంటప్పుడు పాట నడక సరిచూసుకోవడం, పొసగని మాటను కొట్టివేయడం కూడా ఆరాధనే. భక్తి ఉంటే చాలు, పాట ఎలా ఉన్నా పరవాలేదన్న మాటతో నేను ఏకీభవించలేను.

అసలు కష్టం రెండవ చరణం దగ్గర వచ్చింది. అక్కడ “అరుణోదయము” అనే మాటను నా గొంతుకు అనువైన తారస్థాయిలో నిలిపాను. పాట మొత్తంలో నాకు ప్రాణమైన చోటు అదే. సాధన సమయంలో క్వయర్ ఎలాగో అందుకుంది గాని, వెనుక కూర్చున్నవారి గొంతులు ఆ చోటికి రాగానే ఒక్కసారిగా ఆగిపోయాయి. మా కాపరి నన్ను పక్కకు పిలిచి, “బ్రదర్, ఇక్కడ వాళ్లు ప్రార్థించడం లేదు, మిమ్మల్ని వింటున్నారు” అన్నారు.

ఆ మాట నొప్పించింది. మూడు వారాలు ఆ కాగితం ముట్టుకోలేదు. అరౌనా అనే వ్యక్తి తన కళ్లాన్ని, ఎడ్లను ఉచితంగా ఇస్తానన్నా వినక, దావీదు యాభై తులాల వెండి చెల్లించి కొన్న తర్వాతే బలి అర్పించిన సంగతి ఆ రోజుల్లో మళ్లీ చదివాను. నేను పాటకు నిద్రను, సమయాన్ని ఇచ్చాను గాని, ఇవ్వడానికి చేయి రానిది ఆ ఒక్క స్వరమేనని అప్పుడు అర్థమైంది. మోకాళ్లూని ప్రార్థించి, ఆ మాట తీసివేసి, అందరికీ అందే మధ్యస్థాయిలో “తెల్లవారును” అని రాశాను.

ఆదివారం ఆ పాట పాడినప్పుడు, పల్లవి చివర సంఘమంతా నేను రాయని ఒక ఆవర్తం పాటు స్వరాన్ని సాగదీసింది. తర్వాతి సాధనలో దాన్ని సరిచేయమంటారా అని క్వయర్ వాళ్లు అడిగారు. నేను రాతప్రతి తెరిచి, ఆ ఆవర్తాన్ని అందులో చేర్చాను.