పొయ్యి మార్చేముందు ఒకసారి మంట చూడండి

పోయిన ఆదివారం చేపల పులుసుకి పొయ్యి వెలిగిస్తే మంట పసుపుగా లేచింది. రెండు వారాల నుంచి అమ్మ చెప్తానే ఉంది, "ఏందబ్బయ్యా, గిన్నెలన్నీ ఇట్టా మసి పడతండాయి" అని, నేనే పట్టించుకోలేదు. పైగా సిమ్‌లో పెడితే ఆరిపోతోంది. మా కావలిలో పులుసంటే మామిడికాయ ముక్కలు మెత్తబడేదాకా సన్నమంట మీద ఉడకాల్సిందే కదా. రిపేరుకి వచ్చినతను బర్నర్ ఎత్తి కూడా చూడకుండా కొత్త పొయ్యి కొనుక్కోమన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఇంకో ఇంట్లో అయితే ఆ మాట నమ్మి వేలు ఖర్చు పెట్టేవాళ్లు.

అసలు సంగతి ఏంటంటే, జెట్ (గ్యాస్ బయటికొచ్చే సన్నరంధ్రపు మూతి) నుంచి వేగంగా వచ్చే గ్యాస్ పక్కనున్న గాలిని లాక్కుని బర్నర్ గొట్టంలో కలుస్తుంది, ఆ గాలి చాలకపోతే మంట నీలంగా కాకుండా పసుపుగా మండి మసి వదులుతుంది. మా బర్నర్ రంధ్రాల్లో పొంగిన గంజి ఎండిపోయి ఉంది, గొట్టం లోపల సాలెగూడు! రెగ్యులేటర్ ఆపి, చల్లారాక బర్నర్ తీసి (మాది ఇత్తడిది) పులుసుకి నానేసిన చింతపండులోనే కొంచెం తీసి, అందులో గంటసేపు నానబెట్టి, పాత బ్రష్‌తో తోమి, రంధ్రాల్ని పిన్నీసుతో పొడిచాను. తర్వాత ఎండలో బాగా ఆరనివ్వాలి, తడి ఉంటే మంట పట్‌పట్‌మంటుంది.

సిమ్‌లో ఆరిపోవడం మాత్రం జెట్ మూసుకుపోవడం వల్ల. దాన్ని పిన్నీసుతో అస్సలు పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువై మళ్లీ పసుపు మంటే వస్తుంది. దాన్ని శుభ్రం చేయడానికి కరెంటు వైరులోని ఒక్క సన్నటి రాగి పోగు చాలు. ఇంకొకటి, ఉప్పునీళ్లు పొంగి పడినా మంటలో నారింజ రంగు వస్తుంది, గిన్నెకి మసి అంటకపోతే కంగారు పడక్కర్లేదు.

వాసన వస్తే మాత్రం ఇవేవీ చేయొద్దు. గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. స్విచ్‌లు ముట్టుకోకుండా, ఫ్యాన్ కూడా వేయకుండా, రెగ్యులేటర్ ఆపి తలుపులు తీసి, బయటికొచ్చి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయండి. అనుమానంగా ఉంటే చూడాల్సింది సబ్బు నురగతో, అగ్గిపుల్లతో కాదు. కొత్త సిలిండర్ బిగించగానే వాసనొస్తే చాలాసార్లు మూతి లోపలి రబ్బరు రింగుదే తప్పు, సిలిండర్ తెచ్చిన అబ్బాయి ఉండగానే చూపించుకోండి.

ఇవన్నీ చేస్తూ పైపు తిప్పి చూస్తే దాని మీద 2018 అని ఉంది. ఐదేళ్లకోసారి మార్చాల్సిన పైపు అది. సోమవారం పొద్దున్నే మార్పించాను. మీది కూడా ఈ రోజే చూడండి.