నల్ల పెట్టె మీద మంచు

ఇవాళ ఆదివారం, వంటా అదీ అయ్యాక కిటికీ దగ్గర కూర్చుని ఆ ఫెదోస్కినో పెట్టెనే చూస్తూ ఉండిపోయా, ఫెదోస్కినో అంటే మాస్కో దగ్గర ఊరు, ఇలా బొమ్మలు గీసిన వార్నిష్ పెట్టెలకి పేరు. మాస్కోలో ఈ రోజుల్లో నాలుగింటికే చీకటి పడిపోతుంది కాబట్టి వెలుతురు ఉన్నప్పుడే చూడాలి మరి. అరచేతిలో పట్టేంత పెట్టె, బయట నలుపు లోపల ఎరుపు, మూత మీద సెర్గియెవ్ పసాద్ ఊళ్ళోని లావ్రా, అంటే పెద్ద మఠం, చలికాలం, కోట గోడలు, నీలం గుమ్మటాల మీద బంగారు నక్షత్రాలు, ముందు మంచులో మూడు గుర్రాల బండి.

అసలు ఆ మంచు తెలుపు కాదు. దగ్గరగా చూస్తే లేత నీలం, గులాబీ, అక్కడక్కడా కొంచెం పసుపు, పెట్టెని అటూ ఇటూ వంచితే లోపల్నుంచి వెలుగు వస్తున్నట్టు ఉంటుంది. ఫెదోస్కినో వాళ్ళు రంగు కింద ముత్యపుచిప్ప ముక్కో బంగారు రేకో పెట్టి, దాని మీద నూనె రంగు పల్చగా పొరలు పొరలుగా వేస్తారు, మధ్య మధ్యలో వార్నిష్ పూసి ఆరబెట్టి మళ్ళీ వేస్తారు, అందుకే కాంతి కిందదాకా వెళ్ళి వెనక్కి వస్తుంది. పాలేఖ్ అనే ఇంకో ఊరి పెట్టెలు వేరు, వాళ్ళు తరతరాలుగా ఐకాన్లు, అంటే చర్చిల్లో పెట్టే దేవుడి పటాలు గీసినవాళ్ళు, 1917 విప్లవం తర్వాత ఆ పని పోయి 1924లో ఆర్టెల్ (పనివాళ్ళ సహకార సంఘం) పెట్టుకుని ఇటు వచ్చారు, గుడ్డుసొన కలిపిన రంగులు, నల్ల నేల మీద వెంట్రుకంత బంగారు గీతలు. అవీ అద్భుతమే, కానీ మంచు చూడాలంటే మాత్రం నాకు ఫెదోస్కినోనే.

ఇంకోటి, ఇది చెక్క కాదు, అట్ట! చిన్నప్పుడు గాలిపటాలకి మైదా ఉడకబెట్టి అతికించేవాళ్ళం కదా, అలాగే అట్ట పొరలు పిండి జిగురుతో అతికించి, నొక్కి, అవిసె నూనెలో నానబెట్టి, పొయ్యిలో ఎండబెడితే రంపంతో కోసుకునేంత గట్టిగా అయిపోతుంది.

1795లో కొరొబోవ్ అనే వ్యాపారి సైనికుల టోపీల అంచులు చేయడానికి పెట్టిన కార్ఖానా ఈ ఫెదోస్కినోది, తర్వాత లుకుతిన్ కుటుంబం చేతికి వెళ్ళింది, 1904లో మూతపడింది. 1910లో పాత పనివాళ్ళే కలిసి ఆర్టెల్‌గా మళ్ళీ తెరిచారు. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే, యజమాని పోయినా చేతిలో పని ఉన్నవాళ్ళు దాన్ని పోనివ్వలేదు.

మా ఆయన వచ్చి, మార్కెట్లో ఇలాంటివే చవగ్గా దొరుకుతాయి కదా అన్నారు. భూతద్దం ఇచ్చి చూడమన్నా. చవకవాటిల్లో చాలావరకు ప్రింటు బొమ్మ అతికించి పైన వార్నిష్ కొడతారు, భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, ఇందులో గుర్రం జూలు ఒక్కో వెంట్రుకా విడిగా ఉంది. ఆయన చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు.

ఈ బొమ్మలో గోడలు 1608 నుంచి 1610 దాకా 16 నెలలు పోలిష్-లిథువేనియన్ ముట్టడిని తట్టుకున్నవి. గీసినాయన ఫిరంగులేవీ పెట్టలేదు, గేటు వైపు వెళ్ళే బండి ఒక్కటే పెట్టారు, మంచిపని చేశారు అనిపిస్తుంది నాకు.

వచ్చే వారం యారోస్లావ్‌స్కీ స్టేషన్‌లో ఎలెక్ట్రిచ్కా (లోకల్ రైలు) ఎక్కి లావ్రాకి పోదాం అనుకున్నాం, 70 కిలోమీటర్లే. పొద్దున్నే వెళ్ళాలి, మంచు మీద ఆ గులాబీ రంగు నిజంగా ఎక్కడ పడుతుందో చూడాలి.