పంటి గుజ్జును బతికించే వైద్యం

పుచ్చు లోతుగా దిగిందంటే రూట్ కెనాల్ (పంటి లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని గుజ్జును పూర్తిగా తీసేసి, వేరు కాలువలను శుభ్రం చేసి మూసే చికిత్స) తప్పదన్న మాటకు మనమందరం అలవాటు పడిపోయాం. ఆ చికిత్స లెక్కలేనన్ని పళ్లను కాపాడింది, ఇప్పుడూ కాపాడుతోంది. అయినా ఈ రంగంలో నన్ను అన్నింటికంటే ఆకట్టుకున్న మార్పు, గుజ్జును తీయడానికి బదులు వీలైనంత వరకు దాన్ని బతికించాలన్న ఆలోచన బలపడటమే.

ఈ ఆలోచనకు పునాది వేసిన ప్రయోగం 1965లో వెలువడింది. కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే పరిశోధకులు ఎలుకల దవడ పళ్లకు రంధ్రం చేసి, గుజ్జు బయటపడ్డాక మూయకుండా అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్లి, వేరు కొసన చీము చేరింది. సూక్ష్మజీవులు లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో మాత్రం, రంధ్రంలో తిండి ఇరుక్కున్నా గుజ్జు చావలేదు సరికదా, గాయం మీద కొత్త డెంటిన్ (ఎనామెల్ కింద ఉండే పంటి గట్టి భాగం) పొరను తానే కట్టుకుంది. గుజ్జును చంపేది రంధ్రం కాదని, అందులోంచి చొరబడే బ్యాక్టీరియా అని దీనితో తేలిపోయింది.

అయితే బ్యాక్టీరియాను పూర్తిగా అడ్డుకునే పూత చాలాకాలం దొరకలేదు. అంతవరకు వాడిన కాల్షియం హైడ్రాక్సైడ్ డెంటిన్ పొరను పుట్టించగలిగినా, కాలక్రమంలో కరిగిపోయేది. 1990లలో లోమా లిండా విశ్వవిద్యాలయంలో తొరాబినెజాద్ బృందం రూపొందించిన ఎంటీఏ అనే సిమెంటు తడిలోనే గట్టిపడి, గుజ్జుకు హాని చేయకుండా గట్టిగా మూస్తుంది. పంటి రంగును మార్చడం, గట్టిపడటానికి గంటలు పట్టడం దాని లోపాలు. తరువాత వచ్చిన బయోడెంటిన్ వంటి సిమెంట్లు వీటిని చాలావరకు సరిదిద్దాయి.

పల్పోటమీ అనే చికిత్సలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. ఉమ్ము చేరకుండా పంటి చుట్టూ రబ్బరు డ్యామ్ అనే పలుచని రబ్బరు తెర బిగించి, పుచ్చును శుభ్రం చేసి, వాచిన పైభాగపు గుజ్జును మాత్రమే తొలగిస్తారు. సోడియం హైపోక్లోరైట్ అనే క్రిమినాశక ద్రావణంలో తడిపిన దూదిని అక్కడ అదిమి పెట్టి, రక్తస్రావాన్ని గమనిస్తారు. కొద్ది నిమిషాల్లో రక్తం ఆగితే పంటి వేర్లలోని గుజ్జు ఆరోగ్యంగా ఉందని భావించి, దానిపై సిమెంటు పరిచి పన్నును మూసేస్తారు. ఆగకపోతే వాపు ఇంకా లోతుకు పాకిందని అనుమానించాలి. ఒకప్పుడు పిల్లల పళ్లకే ఎక్కువగా చేసిన ఈ చికిత్సను, తీవ్రమైన నొప్పి ఉన్న పెద్దల పళ్లకూ పరిశీలించవచ్చని అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఎండోడాంటిస్ట్స్ (రూట్ కెనాల్ నిపుణుల సంఘం) 2021లో ప్రకటించింది. నా దృష్టిలో ఇది చాలా పెద్ద ముందడుగు.

గుజ్జు అప్పటికే చచ్చిపోయి ఉంటే రూట్ కెనాల్ చేయక తప్పదు. అదీ మెరుగుపడింది: 1988 నుంచి పరిచయమైన నికెల్ టైటానియం ఫైళ్లు (కాలువలను శుభ్రం చేసే సన్నని పనిముట్లు) వంకర కాలువల్లోకి సాఫీగా వంగి వెళతాయి, పై దవడ మొదటి మోలార్ అనే నమిలే పెద్ద పన్నులో తరచుగా కంటపడకుండా పోయే నాలుగో కాలువ మైక్రోస్కోపు కింద దొరుకుతుంది.

ఏ చికిత్స చేసినా పైన వేసే ఫిల్లింగ్ కారితే బ్యాక్టీరియా మళ్లీ లోపలికి చేరుతుంది. అందుకే గుజ్జును కాపాడినప్పుడు వీలైతే అదే రోజు శాశ్వతమైన ఫిల్లింగ్ వేయించుకోవాలి, నొప్పి తగ్గిపోయినా వైద్యులు చెప్పిన గడువుకు వెళ్లి ఎక్స్‌రే తీయించుకోవాలి; ఎందుకంటే గుజ్జు కొన్నిసార్లు ఏ బాధా తెలియనివ్వకుండానే చచ్చిపోతుంది.