సన్నబడితే భయమేసింది

హెచ్ఐవీ అని తేలినప్పుడు నా బరువు 46 కిలోలు. చేతి గడియారం మోచేతి వైపు జారిపోయేది. హెచ్ఐవీని అణిచి ఉంచే ఏఆర్‌టీ మాత్రలు పడ్డాక ఒళ్లు పట్టింది. "కాస్త ఒళ్లు చేశావే" అని ఎవరైనా అంటే గుట్టు దాగిందని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఏఆర్‌టీలోనే డోలుటెగ్రావిర్ అనే మందుకి మారాక ఆ మురిపెం 94 కిలోల దాకా వెళ్లింది. మోకాళ్ల నొప్పులు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం. ఆ మందుతో కొందరికి బరువు పెరుగుతుందట. మాత్ర మార్చమని అడిగాను. మార్చినా తగ్గేది అంతంతమాత్రమేనని, వైరస్‌ని అణిచి ఉంచుతున్నదాన్ని కదిలించడం ఎందుకని డాక్టరుగారు బరువు తగ్గడానికి వారానికో సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ రాశారు. ఏఆర్‌టీతో దానికి పేచీ లేదన్నారు.

0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 2.4 దాకా పెంచాలి. సూది నొప్పి ఒక నొప్పే కాదు. వికారంతోనే వచ్చింది చిక్కు. ఈ మందు వల్ల తిన్నది కడుపులోంచి త్వరగా కదలదు. డోసు 1 మిల్లీగ్రాముకి చేరిన వారం, మాత్ర వేసుకున్న పావుగంటకే వాంతయింది. సింకులో అంచులు కరిగిన తెల్ల మాత్ర కనబడగానే కాళ్లు వణికాయి. ఇన్నేళ్లలో ఒక్క పూట తప్పలేదు మరి! క్లినిక్‌కి ఫోన్ చేస్తే నర్సు తాపీగా, "ఇంకోటి వేసుకోండమ్మా" అంది. గుండెల్లో మంటకి యాంటాసిడ్ తాగబోతుంటే ఆపింది కూడా ఆవిడే. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవట. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే అది తాగాలి, లేదా తాగాక ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి.

ఎనిమిదో నెలకి 13 కిలోలు తగ్గాను. సంతోషించాల్సింది పోయి అద్దం ముందు నిలబడి చెంపలు తడుముకున్నాను. గడియారం మళ్లీ వదులైంది. పక్కింటావిడ "ఏంటి, చిక్కిపోయావ్?" అనగానే పాత భయం గొంతుకి అడ్డం పడింది. గడువు రాకముందే వెళ్లి, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేయించుకున్నాను. వైరస్ జాడ లేదని వచ్చింది. బరువుతో పాటు కండ కూడా కరుగుతుందని, బరువులెత్తే వ్యాయామం చేయమని డాక్టరుగారు చెప్పారు. ఇంజెక్షన్ మానేస్తే పోయిన బరువులో చాలావరకు తిరిగొస్తుందని కూడా అన్నారు. ఆ సంగతి తర్వాత చూసుకుందాంలే.

రిపోర్టు సంచిలో పెట్టుకుని తిరిగొస్తూ, గడియారం పట్టీకి ఇంకో బెజ్జం పొడిపించాను.